పనీ, పాటా

ఎనెయిదా ఉడికిన అరటికాయను గరిటెతో అదుముతూనే, రెండో చేత్తో హెడ్‌ఫోన్ తలకు తగిలించుకుంది. కంచం తీసుకెళ్ళి పక్కగదిలో మొగుడి ఒళ్ళో పెట్టింది.

"ఉల్లిపాయలేవే?" అన్నాడు ఫెర్మీన్.

"పొద్దున్నే ఏడవడానికి టైం లేదు. తిను."

ఫెర్మీన్ జీవితమంతా సాంతో డొమింగో వీధుల్లో స్తంభాలెక్కి టెలిఫోన్ తీగలు అతికించాడు. ఇప్పుడు మంచం దిగితే ఆయాసం. పక్కటెముకలు బయటపడ్డా వేళ్ళు మాత్రం ఇంకా పనివాడివే, మొద్దుగా, గోళ్ళ అంచున నల్లగా. ఇంట్లో రెండు ఇంటర్నెట్ లైన్లు పెట్టింది అతనే. స్తంభం నుంచి వచ్చేది పెద్దది, డాబా మీది యాంటెన్నా పట్టేది చిన్నది.

"రెండు కనెక్షన్లున్న మగాణ్ణి ఈ పేటలో నేనొక్కణ్ణే. అదీ పెళ్ళాం అనుమతితో" అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

పెద్దది ఎనెయిదా ఉద్యోగానికి, చిన్నది ఫెర్మీన్ బొలేరో పాటలకు. ఆ ఇంట్లో పనీపాటా వేరువేరు దారుల్లో నడిచేవి. హోటల్ గదులు మార్చుకునేవాళ్ళ ఫోన్లు తీయడం ఆమె పని. ఇంకొక్కసారి మాట మధ్యలో తెగితే తీసేస్తామని కంపెనీ చెప్పేసింది. అతని మందులు ఆ జీతం మీదే. అందుకే పెద్ద లైను పడిపోగానే, రెండు లైన్లూ కలిసే గోడమీది పెట్టె ఆమె మాటను చిన్నదాని మీదికి మళ్ళించి, అతని పాట ఆపేసేలా అమర్చాడు. అమర్చింది తనే అయినా, పాట ఆగిన ప్రతిసారీ చెంచాతో గోడ బాదేవాడు. ఫోన్లో ఉండి తిట్టలేక ఆమె ఇటునుంచి పిడికిలితో ఒక్కటి కొట్టేది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇంట్లో బ్యాటరీ అందుకుంది గానీ, వీధి కరెంటు మీద బతికే పెద్ద లైను పడిపోయింది. పక్కగదిలో పాట సగం మాట దగ్గర ఆగింది.

ఫోన్లో ఒక పెద్దావిడ, కిటికీలోంచి సముద్రం కనపడని గది అంటగట్టారని దులిపేస్తోంది. మాట తెగలేదు. ఎనెయిదా పిడికిలి గోడకు ఆనించి ఎదురుచూసింది.

చెంచా మోగలేదు.

బుద్ధొచ్చిందనుకుంది. నిద్రపోయాడేమో అనుకుంది. వెళ్ళి చూడాలని కుర్చీలోంచి సగం లేచింది.

"లైన్లో ఉన్నావా అమ్మాయ్?"

"ఉన్నానండీ. ఇక్కడే ఉన్నాను."

ఆవిడ సముద్రం దొరికాకే ఫోన్ పెట్టేసింది.

పక్కగదిలో ఫెర్మీన్ గోడవైపు ఒత్తిగిలి ఉన్నాడు. కంచంలో ముద్ద సగమే తగ్గింది.

"ఏయ్ ముసలాయనా, నీ పాట ఎత్తుకుపోయాను. అడగవా?"

భుజం పట్టి కదిపింది. మళ్ళీ పిలవలేదు. మంచం అంచున కూర్చుని, చల్లబడుతున్న ఆ మొద్దు వేళ్ళను ఒళ్ళోకి తీసుకుంది.

కాసేపటికి వీధి వీధంతా "కరెంటొచ్చింది" అని ఎప్పటిలాగే కేకలు పెట్టి చప్పట్లు కొట్టింది. పెద్ద లైను లేచింది. పెట్టె ఎవరిదారి వాళ్ళకు ఇచ్చేసింది. పాట ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకుంది. పనిగదిలో వదిలొచ్చిన హెడ్‌ఫోన్ మోగుతూనే ఉంది. ఎనెయిదా చెయ్యి చాపి, పిడికిలితో గోడను మెల్లగా ఒక్కటి కొట్టింది.

దుప్పటి మీద, గోడకు జానెడు దూరంలో, అరటికాయ ముద్ద ఎండిపోయిన చెంచా ఉంది.