మూడు జడలు

"కడగడం నీ పని. చూడడం కాదు."

అప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. మా ఆయన జియావుల్లా వంటగది గడపలో నిలబడి, తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చిన కాగితం మడత పెడుతూ ఆ మాట అన్నాడు.

"రేపు నిన్ను అడుగుతారు. నేనేమీ గమనించలేదు సార్ అను. అంతే."

నేను నీళ్ళు వంపి మళ్ళీ పోశాను. రాయి ఉందేమోనని బియ్యంలో వేళ్ళు తిప్పుతూ చూశాను. ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో కడిగేదీ నేనే, చూసేదీ నేనే. ఒకసారి చూడకుండా కడిగితే, అన్నంలో రాయి తగిలిందని కంచం విసిరింది ఈయనే.

ప్రొద్దుటూరులో మా వీధిలో ఆడమనిషి చనిపోతే గుసుల్ చేయించడానికి, అంటే ఆఖరి స్నానానికి, నన్నే పిలుస్తారు. ఆ పని నాకు ఖాతూన్‌బీ నేర్పింది. రేగాకు వేసి కాచిన నీళ్ళు పోయాలి, కుడివైపు నుంచి మొదలుపెట్టాలి, ఒంటి మీద గుడ్డ తొలగనీయకూడదు. జుట్టు మూడు జడలు అల్లి వెనక్కి వేయాలి. చివరికి కర్పూరం నీళ్ళు. "చూసిందంతా ఆ నీళ్ళతో పాటే పోవాల మైమూన్. చచ్చిపోయినామె లోపం బయట చెప్తే నీకు గునా, పాపం" అనేది ఆమె. ఆ మాట తప్పలేదు నేను. ఎవరి ఒంటి మీద ఏ మచ్చ ఉందో, ఎవరి వీపు మీద ఎన్ని వాతలున్నాయో నాతోనే ఉండిపోయాయి.

రెండు నెలల కిందట మసరత్‌కు కూడా నేనే పోశాను. నా తోడికోడలు. మా మరిది కలీం భార్య. ఇరవై ఆరేళ్ళ పిల్ల. కలీం కువైట్ నుంచి సెలవు మీద వచ్చి నెల కూడా కాలేదు. నేను మైదుకూరులో మా కూతురింట్లో ఉంటే తెల్లవారి ఫోన్ చేశాడు. "వదినా, మసరత్ పోయింది. గుండె ఆగిపోయింది" అని ఏడ్చాడు. వాడి ఏడుపు నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్ళ వయసు నుంచి నా చేతి అన్నం తిని పెరిగాడు. జ్వరం వస్తే వాడి పక్కన కూర్చుంది నేనే.

పరదా కట్టి, బల్ల మీద పడుకోబెట్టి, మొదటి చెంబు పోయగానే మెడ మీద గీత కనిపించింది. నా చెయ్యి ఆగిపోయింది. నీళ్ళు అందిస్తున్న మా అత్త అఖ్తర్ బీ నా చెవి దగ్గరికి వంగింది.

"ఉరేసుకున్యాది. బయటికి పొక్కితే జనాజా మోసేదానికి ఎవరూ రారు మే. దాని పాపం మనమే కప్పాల. మధ్యాన్నం జొహర్ నమాజుకంతా ఎత్తాల, తొందరగా కానీయ్."

తన ప్రాణం తాను తీసుకోవడం మాలో పెద్ద గునా. అయ్యో తల్లీ, ఎంత పని చేశావు అనుకున్నాను. గీత మీద దూది పరిచాను. గుడ్డ గడ్డం దాకా లాగాను. ఒక పక్కకు తిప్పి తల నా మోకాలి మీద పెట్టుకుని మూడు జడలు అల్లాను. ఆ పిల్ల జుట్టు చాలా ఒత్తు. బతికుండగా తలనొప్పి అంటూ నా ఒళ్ళో తల పెట్టుకునేది. "భాభీ, మీరు దువ్వితే నిద్దరొస్తాది" అనేది.

ఆ రోజు నుంచి ఐదు పూటలా నమాజులో ఆమె కోసం దువా చేశాను. దేవుడా, చిన్నపిల్ల, తెలియక చేసింది, క్షమించు అని.

పులివెందుల నుంచి మసరత్ అన్న మొయిన్, చెల్లెలి చావు మీద అనుమానం ఉందని అర్జీ పెట్టాడు. గుండె జబ్బు అన్న మావాళ్ళు, పోలీసులు గట్టిగా అడిగేసరికి ఉరి అన్నారు. పరువు కోసం దాచామన్నారు. నిజం తేల్చాలంటే సమాధి తవ్వాల్సిందే అన్నాడు తహసీల్దారు.

మాలో ఆడవాళ్ళు ఖబరస్తానులోకి పోరు. మా ఆయన ఆ మాట అన్న మర్నాడు పొద్దున్నే మొదటిసారి ఆ గేటు దాటాను. కంప చెట్ల మధ్య నాలుగు వైపులా గుడ్డ కట్టారు. లోపల కడప నుంచి వచ్చిన డాక్టరమ్మ, ఆమె మనుషులు. బయట కుర్చీల్లో తహసీల్దారు, మొయిన్, మా ఆయన, మా అత్త. కలీం కొంచెం దూరంగా, మట్టి వైపు చూస్తూ. నన్ను గుడ్డ దగ్గరే కూర్చోబెట్టారు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి చేతి తొడుగులు తీసింది. గొంతులో ఎముక ఒకటి విరిగి ఉందని తహసీల్దారుకు చెప్పింది, కానీ మొదట అడిగింది దాని గురించి కాదు.

"ఈ అమ్మాయి ఎడమ చెయ్యి ఎప్పుడు విరిగింది? విరిగి అతుక్కున్న గుర్తుంది."

"బాత్రూములో జారిపడింది మేడమ్" అంది మా అత్త.

పోయినసారి కలీం సెలవులో ఉన్నప్పుడు. పుత్తూరు కట్టు కట్టించుకొచ్చింది నేనే. నేనూ బాత్రూమే అనుకున్నాను. కాదు, అనుకోవాలనుకున్నాను. ఒకే ఇంట్లో నాలుగేళ్ళు ఉన్నాం, ఆ చెయ్యి సంగతి మళ్ళీ అడగలేదు. ఆ పిల్లను ఇంత జాగ్రత్తగా మొదట చూసింది ఈ పరాయి మనిషే.

మొయిన్ లేచాడు. "గొంతులో ఎముక విరిగిందన్యారు కదా మేడమ్, అది చాలదా?"

"చాలదు నాయనా. అది ఉరిలోనూ విరగొచ్చు, ఎవరైనా గొంతు బిగించినా విరగొచ్చు. తేడా చెప్పేది చర్మం మీది గీత. ఉరిలో ఒంటి బరువు కిందికి లాగుతుంది, గీత వాలుగా చెవుల వైపు పైకి పోతుంది. ముడి పడిన చోట, మామూలుగా మెడ వెనక, గీత ఉండదు. చుట్టి బిగిస్తే అడ్డంగా, చుట్టూరా పడుతుంది. కానీ ఇప్పుడు చర్మం మిగల్లేదు. ఆ గీతను చూసినవాళ్ళు చెప్పాలి."

నా మోకాలి మీద మళ్ళీ ఆ తల బరువు తెలిసింది. మూడో జడ కోసం తడి జుట్టు ఎత్తినప్పుడు నా చూపుడు వేలు మెడ వెనక దేనికో తగిలింది. గాడి. ముందున్నదే వెనకా ఉందే అనుకుని జడ దాని మీదికి వేశాను. ఉరి గీత ఎక్కడ ఉండదో నాకేం తెలుసు?

రెండు నెలలు. రోజుకు ఐదు పూటలు. ఆ పిల్ల చెయ్యని పాపానికి ఆ పిల్లకు క్షమాపణ అడిగాను.

"మైమూన్‌బీ" అని పిలిచాడు తహసీల్దారు. "స్నానం చేయించింది మీరే కదా. మెడ మీద ఏం చూశారో చెప్పండి."

మా ఆయన దగ్గాడు. మా అత్త తస్బీ పూసలు తిప్పడం ఆపింది. కలీం తలెత్తాడు. "వదినా" అన్నాడు. జ్వరంలో నీళ్ళడిగే తొమ్మిదేళ్ళ పిల్లాడి గొంతు అది.

ఇంటికి పోయే దారి ఇక ఉండదని తెలుసు. లోపం కప్పమంది ఖాతూన్‌బీ. చనిపోయినామె లోపం. ఆ గీత మసరత్ లోపమా దేవుడా? నీళ్ళు పోసినదాన్ని నేను. ఇన్నాళ్ళూ ఎవరి లోపం కప్పాను?

"చూసినాను సార్" అన్నాను. "మూడు జడలూ అల్లింది నేనే. గీత ఎనక కూడా ఉండింది."