బ్యాటరీ తియ్యని బోర్డు

సోల్డరమ్మ పాత టూత్‌బ్రష్షును వెనిగర్‌లో ముంచి మదర్‌బోర్డు మూలను మళ్లీ రుద్దింది. పచ్చని చిలుము నురగలు కక్కి కాస్త కరిగింది. దాని కింద సన్నని రాగి గీతలు ఉండాలి. బ్యాటరీ కారి సగం గీతల్ని తినేసింది.

"తిను," అంది పళ్లు బిగించి. "కడుపు పగిలేదాకా తిను."

ఆ తిట్టు బ్యాటరీకి కాదు. అద్దాల తలుపు అవతల, కౌంటరు వెనక కూర్చుని ఎవరితోనో ఫోనులో ఇకఇకలాడుతున్న మొగుడికి.

వీధిలో అందరూ ఆమెను సోల్డరమ్మ అనే పిలుస్తారు. పెళ్లై వచ్చిన కొత్తలో మామగారి దగ్గర రేడియోలు విప్పడం నేర్చుకుంది. రేడియోలు పోయి టీవీలు, టీవీలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. మామగారూ పోయారు. ఆమెకు మిగిలినవి బొటనవేలి మీద కాలిన మచ్చలు, వదలని మెడనొప్పి, కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు. దుకాణం నేమ్‌బోర్డు మీద మొగుడి పేరు, పక్కన 'అండ్ సన్స్' అని ఉంటుంది. వాళ్లకు పిల్లలు లేరు. పేరు అలా ఉంటే దుకాణం పెద్దదిగా కనిపిస్తుందని అతనే రాయించాడు.

ఈ మదర్‌బోర్డు వీధి చివర అద్దకం షెడ్డు పెద్దాయనది. రంగులు కలిపే యంత్రాన్ని ఇదే నడుపుతుంది. ఏ రంగుకు ఏది ఎంత కలపాలో ఆ యంత్రం కార్డులో ఉంది. ఆ కార్డు ఈ బోర్డు మీదున్న జానెడు స్లాటులో తప్ప ఇంకెక్కడా దూరదు. ఇలాంటి బోర్డును సోల్డరమ్మ మరొకటి చూడలేదు. రెండు రకాల ప్రాసెసర్లకు రెండు సాకెట్లు, పొసగని తోడికోడళ్లలా పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పనిచేయాలంటే రెండోది నోరు మూసుకోవాలి. ఎవరి వంతో తేల్చే చిన్న పిన్నుల, అంటే జంపర్ల, పక్కన ఒక్క అక్షరమైనా అచ్చు వేయలేదు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

షెడ్డుకు కొత్త కప్పు వేసేటప్పుడు, దుమ్ము పడుతుందని పెద్దాయన దీన్ని ఇక్కడ దాచమన్నాడు. మొగుడు భేషుగ్గా దాచాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, గాలి చొరకుండా టేపు వేసి, రేకుల కింద అటక మీద పెట్టాడు. బ్యాటరీ మాత్రం తియ్యలేదు. ఆ ఉక్కకు అది కారింది. తిరిగిచ్చేటప్పుడు పైపైన తుడిచి ఇచ్చాడు. యంత్రం లేవలేదని పెద్దాయన వస్తే, "మా దగ్గర బాగానే ఉందండీ, మీవాళ్లే ఏదో చేసుంటారు" అన్నాడు. కౌంటరు దగ్గర తప్పు ఒప్పుకోకూడదన్నది అతని సిద్ధాంతం.

ఇదంతా ఆమెకు తెలిసింది ఈ పొద్దునే. పెద్దాయన బోర్డును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎలాగైనా బతికించమ్మా. మా తమ్ముడే తగలేశాడు. దాన్ని ముట్టుకునేది వాడొక్కడే. ఇంట్లోంచి పొమ్మన్నాను," అన్నాడు.

మొగుడు అయ్యో పాపం అన్నట్టు తల ఊపాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దాయన అటు వెళ్లగానే అటక మీది సంగతంతా కక్కించింది.

"ఆయనకు నిజం చెప్తారా, చెప్పరా?"

"ముందు నువ్వు బాగు చెయ్యవే. నడిచాక నేనే చల్లగా చెప్తాను. చచ్చిన బోర్డు చేతిలో పెట్టి చెప్తే ఊరుకుంటాడా?"

అదీ నిజమేననిపించి ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండుతోంది.

బోర్డును కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టింది. తెగిన గీత మీది పూత గీకి, వెంట్రుకంత తీగ పరిచి, రెండు కొసలూ సోల్డర్ కరిగించి అతికింది. మీటరు ఆనించి, గీత కలిసిందని అది కూశాక ఇంకో గీత పట్టుకుంది. మధ్యాహ్నం మొగుడు తలుపు తోశాడు.

"ఏమైనా తింటావా?"

"మీ మొహం చూశాక కడుపు నిండిపోయింది."

అతను నవ్వాడు. ఏమన్నా నవ్వేస్తాడు. ఆమె బాగుచేసినవాటికి అతను పొగడ్తలు పుచ్చుకున్నా, అతను పాడుచేసినవాటికి ఆమె మాటలు పడినా, ఇన్నేళ్లూ ఆ నవ్వుతోనే సరిపెట్టాడు.

ఎక్కడా షార్టు లేదని చూసుకుని స్విచ్ వేసింది. ఫ్యాను తిరిగింది గానీ బోర్డు ఉలకలేదు, పలకలేదు. జంపర్లు మార్చినా అంతే.

"ఏమే, నువ్వూ ఆయన పార్టీయేనా?" అంటూ తీగలన్నీ మళ్లీ కొలిచింది. ఒకచోట సోల్డర్ పైకి మెరుస్తోంది గానీ లోపల అంటుకోలేదు. దాన్ని సరిచేసింది. ఈసారి బోర్డు పొడుగ్గా కూసింది. మెమరీ లేదని దాని గోల. మెమరీ పెట్టగానే మానిటర్ మీద తెల్లని అంకెలు పైకి పాకాయి. ఆమెకు కళ్లు చెమర్చాయి. కోపం మాత్రం దిగలేదు.

సాయంత్రం పెద్దాయన కార్డు తెచ్చాడు. అది స్లాటులో కూర్చోగానే తెర మీద రంగుల పేర్లు వరసగా వచ్చాయి. ఆయన నీలం పట్టిన వేళ్లతో తెరను తడిమాడు. ఆమె మొగుడి వైపు చూసింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"మీ తమ్ముడు ఓల్టేజీ తేడా చేసినట్టున్నాడండీ. అయినా మేం వదల్లేదు."

సోల్డరమ్మ స్విచ్ కట్టేసింది.

"మీ తమ్ముడు ఏ పాపమూ చెయ్యలేదు బాబాయ్ గారూ. బ్యాటరీ తియ్యకుండా సంచిలో కట్టి మా అటక మీద పెట్టాం. అక్కడే కారింది. ఈయన తుడిచి మీకిచ్చారు."

పెద్దాయన మొగుణ్ని పైనుంచి కిందికి చూశాడు. బోర్డును అట్టపెట్టెలో పెట్టుకుని చంకన ఇరికించుకున్నాడు. వీధిలోకి దిగి ఫోను చేసినట్టున్నాడు, ఆయన గొంతు లోపలికి వినిపించింది.

"ఒరేయ్, నేనురా. పెట్టెయ్యకు. తప్పు నాదేరా."

"నా పరువు తీసేశావు కదే," అన్నాడు మొగుడు.

"మీరు బ్యాటరీ తీసుంటే నాకా పని పడేది కాదు."

సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకి, చల్లారేదాకా నిలబడి, గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది.

"అక్క దగ్గరికి పోతున్నాను. ఇంక రాను."

అతను అలవాటుగా నవ్వాడు. ఆమె గుమ్మం దిగి, వెనక్కి చూడకుండా మలుపు తిరిగింది. కాసేపటికి ఎవరో పాత మానిటర్ తెచ్చారు. "రేపటికి ఇచ్చేస్తామండీ" అని మొగుడు దాన్ని మోసుకుంటూ వెనక గదిలోకి వెళ్లాడు. బల్ల ముందు ఆమె కుర్చీ ఉంది. దాని మీది స్పాంజి దిండులో, ఏళ్ల తరబడి ఆమె కూర్చున్న గుంట అలాగే ఉంది.