చీమలకు రాసిన కాగితం

పొద్దున్నే టీ నీళ్లు పొయ్యి మీద పెట్టి, అవి మరిగేలోపు పెరట్లోకి వెళ్లి లాంగన్ పళ్లచెట్టు మీది ఆర్కిడ్లను ఒకసారి చూసి రావడం ఫుంగ్‌మోయ్‌కి ముప్ఫై ఏళ్ల అలవాటు. చెట్టు మానుకు కొబ్బరి పీచుతో కట్టిన మొక్కలు నలభై దాకా ఉన్నాయి. తైవాన్ దక్షిణాన, ఒకప్పుడు పొగాకు బాగా పండిన ఆ ఊళ్లో పూలు చాలామందికే ఉన్నాయి గానీ, చెట్టంతా కప్పుకుని పూసేది ఒక్క ఫుంగ్‌మోయ్ పెరట్లోనే.

ఈ ఏడు మాత్రం మొగ్గ తొడిగిన ప్రతి కాడకీ తెల్లటి పిండినల్లి పట్టింది. నల్లి దానంతటది ఎక్కలేదు. చీమలు మోసుకొచ్చి పెట్టాయి. నల్లి కక్కే తీపి నీళ్లు చీమలకు కావాలి. అందుకని మనం పాడావును చూసుకున్నట్టు చూసుకుంటాయి, దాని జోలికి ఎవర్నీ రానివ్వవు. చీమలు పోతేనే నల్లి పోతుంది.

చీమల్ని పంపడానికి ఆ ఊళ్లో పద్ధతి ఒకటే. ఏటా తొలి నెల తొమ్మిదో రోజున ఇంటివాళ్లెవరో ఒకరు ఎర్రకాగితం మీద నాలుగు మాటలు రాసి చెట్టుకి అంటిస్తారు. చీమలు చదువుకుని వెళ్లిపోతాయి. రాత లోపలివైపు, మానుకి ఆనుకునేలా అంటించాలి. చదవాల్సింది చీమలు కదా. బయటివాళ్లు రాస్తే అవి చెవిన పెట్టవు. ఏడాది గడిచాక పాత కాగితం తీసి, రాత ఉన్నది చెత్తలో వెయ్యకూడదు గనక, కాగితాల బుట్టతో తిరిగే ఆ-తిన్ పెద్దాయన చేతిలో పెడతారు. ఆయన దాన్ని ఊరి చివర కాగితాల గుడిలో కాల్చి బూడిదను ఏట్లో కలుపుతాడు. ఒకరికి రాసిన కాగితం ఇంకొకరు చదవడం మర్యాద కాదు, ఎవరూ చదవరు.

ఫుంగ్‌మోయ్ ఇంట్లో ఆ రాత పని భర్త యున్‌సాన్‌ది. ఆమెకు అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు బడికి బదులు పొగాకు ఆకు కట్టలు కట్టడానికి పంపారు. పోయిన శరదృతువులో యున్‌సాన్ కన్నుమూశాడు. పిల్లల్లేరు. తొలి నెల వచ్చి వెళ్లింది, కొత్త కాగితం రాసేవాళ్లు లేరు. పాతదాన్ని తియ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు. గడువు తీరిన మర్నాడే చీమలు చెట్టెక్కాయి.

ఆమె చెయ్యని వైద్యం లేదు. పొగాకు కాడలు నానబెట్టిన నీళ్లు చల్లింది. దూదిని బియ్యం సారాలో ముంచి ఒక్కో కాడా తుడిచింది. మాను చుట్టూ కిరసనాయిలు గుడ్డ కట్టింది. చీమలు ఒక పూట ఆగి, మర్నాడు దాని మీద నుంచే నడిచాయి.

వాటికి తోడు మరిది తేఫుక్. పెరటికి అటువైపు వాటా అతనిది. చెట్టు కొట్టేస్తే తన చిన్న ట్రక్కుకి షెడ్డు వేసుకోవచ్చని చాలాకాలంగా అతని కోరిక. అన్న ఉన్నన్నాళ్లూ నోరు మెదపలేదు. ఇప్పుడు చీమలు తన వంటింట్లోకీ వస్తున్నాయన్నాడు. చెట్టు తమ ఇంటిపేరు చుంగ్ వాళ్లదనీ, చుంగ్ వాళ్లలో ఇక మిగిలింది తానేననీ అన్నాడు. వసంతంలో వచ్చే సమాధుల పండగ దాకా చూసి, ఆ తర్వాత చెట్టు కొట్టిస్తానన్నాడు.

"నువ్వే ఒక కాగితం రాసి పెట్టకూడదా, తేఫుక్?" అని అడిగింది ఆమె.

"కొట్టేసే చెట్టుకి కాగితమెందుకు వదినా?" అన్నాడతను.

ఆ శనివారమే ఆమె ప్రాథమిక బడిలో పెద్దవాళ్లకు పెట్టిన తరగతిలో చేరింది. మోకాళ్లు పట్టని బల్ల వెనక కూర్చుంది. శ్యావ్ పంతులమ్మ అందరికీ ముందు వాళ్ల వాళ్ల పేర్లే నేర్పింది. పుట్టింటి ఇంటిపేరుతో కలిపి మూడు అక్షరాలు, ల్యూ ఫుంగ్ మోయ్. ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఊరికి ఆమె యున్‌సాన్ భార్య. యున్‌సాన్‌కి ఆమె 'ఇదిగో'. పేరు పుట్టింట్లోనే ఉండిపోయిందనుకుంది.

ఆరో వారానికి 'వెళ్లండి' అన్న మాట నేర్చుకుని, ఎర్రకాగితం మీద రాసి చెట్టు మొదట్లో పరిచింది. చీమలు దిగి వచ్చాయి. కాగితమంతా ఒకసారి తిరిగి, ఒక మూల గీతలా బారులు తీరి ఆగిపోయాయి. ఆమె ఒక గీత మరిచిపోయింది. సరిగ్గా అక్కడే నిలబడ్డాయి. అవి జరిగాక ఆ గీత గీసింది. అయినా చెట్టు దిగలేదు. పొమ్మంటే పోతారా ఎవరైనా, కాస్త మర్యాదగా చెప్పాలి గదా. ఆ మర్యాద మాటలు తనకింకా రావు. పండగ నాలుగు రోజుల్లో ఉంది.

యున్‌సాన్ ఎలా రాసేవాడో చూసి రాద్దామని, తడిగుడ్డతో నానబెట్టి పాత కాగితాన్ని మాను నుంచి మెల్లగా ఒలిచింది. తిప్పి చూసింది. సిరా చెక్కుచెదరలేదు. పైనుంచి కిందికి వెతికింది. తెలిసిన అక్షరాలు మూడే కనిపించాయి, ఒకదాని కింద ఒకటి.

ఆమె చెట్టు మొదట్లో చతికిలబడింది. ముప్ఫై ఏళ్లు, ఏటా తన చేత్తోనే ఒలిచి, బూజు దులిపి, భద్రంగా బుట్టలో వేసింది. ఇరవై తొమ్మిదిసార్లు తన పేరు కాల్పించి ఏట్లో కలిపింది. ఏడుపు ఆగలేదు. పొయ్యి మీద టీ నీళ్లు ఇగిరిపోయాయి.

పండగ మర్నాడు తేఫుక్ రంపం మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె వాదన పెట్టుకోలేదు. లోపలికెళ్లి కాగితం తెచ్చి, రెండు చేతులతో అందించింది.

"ఇందులో నాకు మూడక్షరాలే వచ్చు. మిగతాది నువ్వు చదివి పెట్టు."

చదివి పెట్టమని రెండు చేతులా ఇచ్చిన కాగితాన్ని కాదనడం ఆ ఊళ్లో ఎవరివల్లా కాదు. తేఫుక్ చెయ్యి చొక్కాకి తుడుచుకుని అందుకున్నాడు. పైకి చదవడం మొదలుపెట్టాడు.

"చీమలకు నమస్కారం. ఈ లాంగన్ చెట్టు, దీని మీది పూలు ల్యూ ఫుంగ్‌మోయ్‌వి. ఆమె పొద్దున లేచి ముందు చూసేది వీటినే, తర్వాతే నన్ను. ఆమె మనసు కష్టపెట్టకండి. దయచేసి పొగాకు కొట్టం దగ్గరి చెట్టుకి మకాం మార్చండి. ఇట్లు, చుంగ్ యున్‌సాన్."

కింద అన్న ముద్ర ఉంది. తేఫుక్ దాని మీద వేలు పెట్టి చూశాడు.

"ఇది చీమలకి రాసింది వదినా, నాకు కాదు," అన్నాడు.

"ముప్ఫై ఏళ్లు అవి విన్నాయి తేఫుక్."

అతను కాగితాన్ని మడవకుండా అలాగే రెండు చేతులతో తిరిగిచ్చాడు. రంపం మనిషిని టీ తాగడానికి తీసుకెళ్లాడు. షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె కొత్త ఎర్రకాగితం ముందు పెట్టుకుని భర్త రాతను చూసి రాసింది. రెండుచోట్ల చీమలు నిలబడ్డాయి, రెండుచోట్లా దిద్దింది. ఆయన పేరున్నచోట కూడా తన పేరే రాసుకుంది. బంక రాసి, లోపలివైపు తిప్పి అంటించింది. చీకటిపడే వేళకి చీమలు ఒక్కొక్కటీ తన తెల్ల పురుగును నోట కరుచుకుని, బారుగా చెట్టు దిగి కొట్టం వైపు వెళ్లిపోయాయి.

తర్వాతి నెల మొదటి రోజున ఆ-తిన్ పెద్దాయన బుట్టతో గుమ్మంలో ఆగాడు. చెట్టు నిండా పూలు చూసి, పాత కాగితం కోసం అలవాటుగా చెయ్యి చాచాడు.

"ఇంకా చదవడం అవలేదు పెద్దాయనా," అంది ఫుంగ్‌మోయ్.