ఏడో పిన్ను

నాయిబ్ సుబేదార్ నెహెమ్యా వంతెన చట్రాలను కలిపే ఆరో పిన్ను దగ్గరికి వచ్చాడు. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, తల పక్కకు వంచి విన్నాడు. ఖంగున మోగింది. ముందుకు కదిలాడు. వాగు మీద ఇనుప వంతెన కట్టడం అయిపోయాక అందరూ కళ్లతో చూసుకుంటారు, ఈయనొక్కడే చెవులతో చూస్తాడని రెజిమెంటులో నవ్వుకునేవారు.

ఈ చాదస్తం తండ్రి నుంచి వచ్చింది. జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో పనిచేసిన థామస్, బండను తట్టి పగులెక్కడుందో చెప్పేవాడు. నెహెమ్యా చదువు పదో తరగతితో సరి. ఇరవై రెండేళ్ల సర్వీసులో పతకాలు లేవు. నందిగామలో కట్టుకుంటున్న ఇంటి గోడలు కూడా సెలవులో తట్టి చూసి, మేస్త్రీ చేత రెండు వరుసలు పీకించాడు. ఈ పొద్దున, ఫోన్లు ఆపించకముందు, భార్య పుష్పవతి అదే మొత్తుకుంది.

"మేస్త్రీ పని మానేస్తానంటున్నాడండీ. ఈసారొచ్చి గోడ జోలికెళ్లకండి."

"గోడే నాతో మాట్లాడితే నేనేం చేసేది?" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఆయనకు మధ్యాహ్నం దాకా సరిపోయింది.

యుద్ధం మొదలై నాలుగో రోజు. అవతలి ఒడ్డున అంబులెన్సు ఆగి ఉంది. లోపల ముగ్గురు జవాన్లు, ఒకడికి రక్తం కట్టడం లేదు. కొండ వెనక ఫిరంగులు మోగుతున్నాయి.

ఏడో పిన్ను బొంగురుగా పలికింది.

"పైకేం కనపడట్లేదన్నా, బండి పోనిద్దాం," అన్నాడు పక్కనున్న హవల్దార్ ఆరిఫ్. అతనిదీ జగ్గయ్యపేట పక్కనే, వత్సవాయి. "వాళ్లకి టైం లేదు."

"నడివాగులో కూలితే అసలుండదు కదరా. నువ్వెళ్లి బండి స్టార్ట్ చేయించు. నేను మార్చేస్తా."

ఆరిఫ్ పరుగెత్తాడు. నెహెమ్యా జాకీతో వంతెనను కాస్త ఎత్తి, పాత పిన్ను ఊడగొట్టి, ఒడ్డున గడ్డిలోకి విసిరాడు. కొత్తది దిగగొట్టి, తట్టి, చెయ్యి ఊపాడు. అంబులెన్సు ఆయన పక్కనుంచే దాటిపోయింది. వంతెన కిక్కురుమనలేదు. ఆయనకు భలే సంతోషమైంది.

తర్వాతి ఫిరంగి గుండు ఇవతలి ఒడ్డున, ఆయన నిలబడ్డ చోటే పడింది.

అంబులెన్సులోని ముగ్గురూ బతికారు. నెహెమ్యాను మోసుకెళ్లాక ఆరిఫ్ ఒక్కడూ ఒడ్డున కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసేపటికి లేచి గడ్డిలోని పాత పిన్నును ఎత్తబోయాడు. సగమే చేతికి వచ్చింది. మిగతా సగం, విరిగిన చోట తెల్లగా మెరుస్తూ, గడ్డిలోనే ఉండిపోయింది.