బోర్లా పెట్టిన చెప్పు

సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే మా ప్లాంటుకు ఏసీ లేదు. దాన్ని కట్టించిన ఆర్కిటెక్టు మహాతల్లి మూరెడు మందం మట్టిగోడలు లేపి, పైన గాలిబురుజు నిలబెట్టి, ఉప్పునీటి కాలువ మీదుగా వచ్చే గాలిని నా కంట్రోల్ రూమ్‌లోకి దింపింది. పర్యావరణమట! ఫోటోలు తీసుకోవడానికి మస్కట్ నుంచి వచ్చేవాళ్ళకేం, తీసుకుని పోతారు. ఆగస్టులో ఉడికేది నేను.

ఆ రోజు కాలువ జల్లెడను జెల్లీ చేపలు మూసేశాయి. పంపు ఆపేశాం. నా తమ్ముడు ఖల్ఫాన్ వీపుకు సిలిండర్ తగిలించుకుని జల్లెడ గోకడానికి దిగాడు. వాడు లోపలున్నంతసేపూ నా ప్రాణం నా దగ్గర ఉండదు. పంపు తిరిగిందా, నీళ్ళు మనిషిని జల్లెడకు నొక్కేస్తాయి. ఇక రావడమంటూ ఉండదు.

దిగేముందు వాడు ఎప్పటిలాగే గట్టు మీద ఒక చెప్పు బోర్లా పెట్టాడు. బోర్లా ఉంటే మనిషి లోపలున్నట్టు, తిన్నగా ఉంటే బయటికొచ్చినట్టు. అది వాడు పెట్టిన గుర్తే.

"చెప్పు అడుగు ఆకాశం వైపు ఉంటే మనవాళ్ళ కళ్ళు దాన్ని దాటిపోలేవక్కా" అని నవ్వేవాడు. నిజమే. దేవుడికి చెప్పు చూపించినట్టని మాకు అంత పట్టింపు.

ఊరి ట్యాంకు అడుగంటుతోందని మేనేజరు ఫోన్లో ప్రాణం తీస్తున్నాడు. కిటికీలోంచి చూశాను. రెండు చెప్పులూ తిన్నగా, జతగా ఉన్నాయి. అమ్మయ్య అనుకుని పంపు మీట మీద చెయ్యి వేశాను.

గాలిబురుజులోంచి చల్లగాలితో పాటు ఓ చప్పుడు దిగింది. ఇనుము మీద ఇనుము గోకుతున్న చప్పుడు.

వాడింకా లోపలే ఉన్నాడు! చెయ్యి లాక్కున్నాను. ఏసీ మోగుతూ ఉంటే ఈ చప్పుడు నాకు వినబడేదా? కిందికి పరుగెత్తాను.

గట్టు మీద మా నాన్న మర్హూన్ కూర్చుని ఉన్నాడు. కొడుక్కి చేపల అన్నం తెచ్చాడు.

"చెప్పు ఎవరు తిప్పారు నాన్నా?"

"నేనే. వెధవకి బొత్తిగా భయభక్తులు లేవమ్మా, బోర్లా పడేసి పోయాడు."

అదేం గుర్తో చెప్పాను. ఆయన నీళ్ళ మీద బుడగలు లేస్తుంటే వాటినే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆ చెప్పు తీసుకుని, "అస్తగ్‌ఫిరుల్లా, నన్ను క్షమించు నా తండ్రీ, తప్పు నాది" అంటూ తన చేత్తోనే బోర్లా పెట్టాడు. ఖల్ఫాన్ తల పైకి తేలేదాకా దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు.