గరిటె చేతులు మారిన ఆదివారం

"పది రోజులూ నీళ్లు మార్చానన్నానా లేదా?" మా అత్తగారు ఆర్గిరో ఆలివ్ కాయల జాడీ మూత మీద చెయ్యి తియ్యకుండానే అంది.

"మార్చి ఉంటే ఈ చేదేమిటమ్మా? నాలుక మొద్దుబారిపోయింది," అన్నాడు నా భర్త మనూసోస్, నమిలింది అరచేతిలోకి ఉమ్మేస్తూ.

"నీ పెళ్లాం వంట తిని తిని నీ నోరే పాడైందిరా."

మరిది సీఫిస్ నవ్వబోయి, తనూ ఒకటి కొరికి, గబగబా రకీ సారా గ్లాసు అందుకున్నాడు.

రాయితో చితక్కొట్టిన పచ్చికాయలకి రోజూ నీళ్లు మారిస్తే గాని చేదు దిగదు. ఆ తర్వాతే ఉప్పునీళ్లు పొయ్యాలి. ఆవిడ రెండు రోజులు మార్చి, మూడో రోజు నుంచి మరిచిపోయింది. పొద్దున్నే పెరట్లోకి వెళ్లినప్పుడల్లా ఆ నీళ్లు నల్లబడుతుండటం చూశాను. ఒక్క మాట చాలు. అనలేదు.

ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్లు. ఆ జాడీ ముట్టుకునే హక్కు, ఆ చిల్లుల చెక్క గరిటె పట్టుకునే హక్కు నాకు ఒక్కనాడూ రాలేదు. కాయలు ఎవరు వడ్డిస్తే ఇల్లు వాళ్లది. నాకు ఆ గరిటె కావాలి.

పెళ్లయిన కొత్తలో మా నాన్న కొండ మీది ఊరి నుంచి నన్ను చూడటానికి వచ్చాడు. అత్తగారు అందరికీ నిగనిగలాడే కాయలు పెట్టి, ఆయన పళ్లెంలో మాత్రం ఈగ కుట్టి పుచ్చినవి వేసింది. "మీ మేకల కాపరులకి ఇవే ఎక్కువ," అంది, అందరూ వినేలా. ఆయన నా ముఖం చూసి, ఒక్కటీ వదలకుండా తిని, "బాగున్నాయి వదినగారూ," అన్నాడు. "బాగుంటే ఇంకో నాలుగు వేసుకోండి," అని గరిటె ముంచింది. ఆయన మళ్లీ ఈ గడప తొక్కలేదు.

వసంతంలో జ్వరం వచ్చినప్పటి నుంచి అత్తగారికి రుచి తెలియడం లేదు. నేను పొరపాటున కాఫీలో ఉప్పు వేసిస్తే గ్లాసు ఖాళీ చేసి, "ఇవాళ బాగా కుదిరింది," అంది. అది నాకొక్కదానికే తెలుసు.

"మీరే తిని చెప్పండి అత్తయ్యా," అన్నాను.

ఆవిడ ఒక కాయ నోట్లో వేసుకుని నింపాదిగా నమిలింది. ముఖంలో ఏ మార్పూ లేదు. గింజ పళ్లెంలో పెట్టి, "ఎప్పటిలాగే ఉంది," అంది.

నా కూతురు గరిఫల్యా మెల్లగా, "నానమ్మా, నీకు చేదు తెలియట్లేదా?" అంది. ఆవిడ ఒక్కొక్కరి ముఖమే చూసింది. చివరికి నా దగ్గర ఆగింది. నేను చూపు తిప్పుకోలేదు. జాడీ మూత మీది చెయ్యి జారి ఒళ్లో పడింది.

గరిటె తీసుకున్నాను. "బాగుంటే ఇంకో నాలుగు వేసుకోండి," అని ఆవిడ పళ్లెంలో వేశాను.

తర్వాత మెల్లగానే, అందరికీ వినబడేలా చెప్పాను: "చెట్ల మీద ఇంకా పచ్చికాయలున్నాయి. రేపు కోసుకొచ్చి మనకి నేను ఊరేస్తాను. ఈ జాడీ పారబొయ్యక్కర్లేదు. అయిపోయేదాకా అత్తయ్యకి ఇవే."