లోతుకు ముందు గడి

అల్మాటీ పైకొండల్లో మంచు కరిగి నిండే చెరువు గట్టు తెగితే బురద వరద కింది ఇళ్ల మీద పడుతుంది. ఆ చెరువు లోతు చూసి సైరన్ మోగించే ప్రోగ్రాం జానెర్కెది. ఆ ఉదయం సైరన్ ఊరికే మోగింది. జనం పిల్లల్ని చంకనేసుకుని వానలో గుట్టెక్కారు. చెరువు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"మధ్యాహ్నంలోగా కారణం చెప్పు. లేదంటే సైరన్ పని ఇంకొకరికి ఇస్తా," అంది అధికారిణి రౌషన్; ఆఫీసులో అందరికీ ఆమె 'అపై', అంటే అక్క.

కొండమీది పరికరాలతో మాట్లాడే సి భాష లైబ్రరీని సపార్గలి అనే పెద్దాయన రాశాడు. జానెర్కెకు పని నేర్పిందీ ఆయనే; ఆమెకు ఆయన 'ఆగా', అంటే పెద్దన్న. సి కొలతలన్నిటినీ ఒక స్ట్రక్చర్‌లో వరుసగా గడుల్లో పెడుతుంది. జావా వైపు జానెర్కె అదే వరుసలో గడులు రాసుకోవాలి. పేర్లు ఎవరూ సరిచూడరు. మొదటి గడి ఉష్ణోగ్రతది; రెండో గడిలో ఏముంటే అదే లోతనుకుంటుంది జావా. అందుకే కొత్త గడి ఎప్పుడూ చివరే చేర్చాలి, అదీ రెండోవాళ్లకు చెప్పాకే. ఈ కట్టుబాటు పెట్టింది సపార్గలే.

తెర మీద లోతు ఆరువందల అరవై ఎనిమిది సెంటీమీటర్లు. చెరువే అంత లోతు లేదు. జానెర్కె ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి హెక్టోపాస్కల్స్‌లో అంత ఉంటుంది. కిందటి వారం ఒత్తిడి కొలిచే పరికరాన్ని పైకి మోసుకెళ్లాడు సపార్గలి.

"ఆగా, లోతుకు ముందు ఒత్తిడి పెట్టారా?"

ఆయన నూనెలో వేయించిన బౌర్సాక్ రొట్టె తుంచి టీలో ముంచాడు. "పెట్టా, నిన్న రాత్రే. ఉష్ణోగ్రత పక్కనుంటే పద్ధతిగా ఉంటుందని."

"నాకు చెప్పలేదే!"

"చెబుదామనే అనుకున్నా తల్లీ, మరిచిపోయా. నువ్వు గడి సరిచెయ్యి. అపైకి నేను చెబుతాగా."

ఆమె నమ్మింది. ఒత్తిడికి గడి చేర్చి నడిపింది. లోతు సరిగ్గా వచ్చింది.

రౌషన్ అందరి ముందూ అడిగినప్పుడు సపార్గలే ముందు నోరు విప్పాడు. "గడి మారుతుందని అమ్మాయికి చెప్పానండీ. ఈ కాలం పిల్లలు కదా, చెవుల్లో ఎప్పుడూ పాటలే!"

ఎవరో నవ్వారు.

"మీరు చెప్పలేదు ఆగా," అంది జానెర్కె.

"చెప్పాను తల్లీ. గుర్తులేదా?"

పని నేర్పిన రోజుల్లో మాట్లాడిన గొంతే అది. అంతే మెత్తగా ఉంది. రౌషన్ ఇద్దరినీ చూసి, సైరన్ పని సపార్గలికి అప్పగించింది.

అందరూ వెళ్లాక ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "జావా నాకు కొత్త. ఓసారి చూపించి పోవూ?"

కింద ఇళ్లలో జనం ఉన్నారు. జానెర్కె కూర్చుని, ప్రతి గడీ పైనుంచి కిందికి తొందరపడకుండా చూపించింది. ఏదీ దాచలేదు.

"అర్థమైంది తల్లీ," అన్నాడాయన లేవబోతూ.

"చూపించాల్సింది ఇంకొకటి ఉంది, సపార్గలి కెనెసోవిచ్ గారూ," అంది ఆమె, మొదటిసారి ఆగా అనకుండా, తెర మీంచి చూపు తిప్పకుండా. "కూర్చోండి."